తొమ్మిదో దినం పరీక్ష

ఎమ్మిగనూరులో మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకోని కూర్చున్న మా అన్నకు, ఈడ కెనడాలో కిటికీ పక్కన మంచు సూస్తా కూర్చున్న నీ చెల్లెలు పద్మ దండం పెట్టి రాసేది.

నేను బాగుండాను. నువ్వు, అమ్మ, వదిన, పాప అందరూ బాగుండారని అనుకుంటాండాను. అమ్మ మోకాళ్ళ నొప్పి యట్లుంది? నేను పంపిచ్చిన నూనె రాసుకుంటాందా, లేకపోతే సీసాను గూట్లో పెట్టి దానికి పూజ సేస్తాందా? పాపకు దగ్గు తగ్గినాదా? వదినను ఎండలో తిరగొద్దని సెప్పు. నా గురించి ఏం దిగులు పెట్టుకోవద్దండి. నేను శానా బాగుండాను.

ఈ ఉత్తరం షబానా సేతికిచ్చి పంపిస్తాండా. షబానా అంటే నాతో పాటు ఒకే ఇంట్లో అద్దెకుండే ఆదోని పిల్ల. ఈడ ఆసుపత్రిలో నర్సు. నెల దినాలు సెలవు పెట్టి వాళ్ళమ్మను సూసేకి వస్తాంది. ఆదోని నుంచి మన ఊరు ఎంత దూరం, నేనే పోయి ఇస్తా అనింది. ఆ పిల్లకు ఉగ్గాని బజ్జీ పెట్టండి. బజ్జీలు కారంగా ఉండాల. సప్పగా ఉంటే తిరిగొచ్చినాక ఏడాదంతా నన్ను సాధిస్తాది.

ఈడ అన్నీ దొరుకుతాయి, తిండికేం తక్కువ లేదు. బియ్యం దొరుకుతాయి, కందిబేడలు దొరుకుతాయి, గోంగూర గూడా గడ్డ కట్టిచ్చి అమ్ముతారు. బొరుగులు మాత్రం మన బొరుగులు కావు. నీళ్ళల్లో వేస్తానే పిండి అయిపోతాయి. పోయిన ఆదివారం నేను, షబానా ఉగ్గాని సేద్దామని పెద్దగా పోయి, ఆఖరుకు సంగటి మాదిరి ముద్దలు సేసుకోని తిన్నాము. నవ్వి నవ్వి కడుపు నొప్పి వచ్చె. అందుకే షబానా వచ్చేటప్పుడు రెండు సేర్లు బొరుగులు, వదిన సేతి శెనిక్కాయల పొడి పంపిచ్చండి. అమ్మా, ఊరగాయ వద్దు. విమానంలో నూనె కారితే ఆ పిల్ల గుడ్డలన్నీ పాడవుతాయి. నువ్వు యినవని నాకు తెలుసు, అయినా సెప్తాండా.

సలి సంగతి అడుగుతావు కదమ్మా. ముక్కు ఉందో ఊడిపోయిందో పట్టుకోని సూసుకోవాల, అంత సలి. కానీ ఇంట్లో వెచ్చగానే ఉంటాది. మన మగ్గం మీద నేసిన దుప్పటి మడిసి పైన కప్పుకుంటాండా. దాంట్లో ఇంకా గంజి వాసన పోలేదు. పనికి పొద్దున్నే పోతా, పొద్దు మునిగినాక వస్తా. ఈ కాలంలో పొద్దు నాలుగ్గంటలకే మునుగుతాది. ఆఫీసులో ఇప్పుడు ఒక బడి కట్టేదానికి మెట్లు, తలుపులు, కిటికీలు గీస్తాండా. అందరూ మంచోళ్ళే. కోసిగోళ్ళు ఊరు ఇడిసి కూలికి, సుగ్గికి పోయినట్ల నేను గూడా సుగ్గికి వచ్చినా అనుకోమ్మా. కాకపోతే వాళ్ళు ఉగాదికి ఇల్లు సేరతారు, నాది ఇంకా కొంచెం ఆలస్యం. పరీక్షల గురించి ఎవరన్నా అడిగితే సదువుతాండాదని సెప్పు. అది నిజమే.

అన్నా, ఈడికి ఆపు. ఇంతవరకే అమ్మకు సదివి యినిపించు. "అంతేనా రాసింది?" అంటాది, అంతేనని సెప్పు. మిగతాది నువ్వొక్కనివే సదువుకో. ఫోన్లో ఇది సెప్పలేను. నువ్వు యప్పుడు సేసినా స్పీకరు పెడతావు, అమ్మ సెవి దగ్గరే పెట్టుకోని కూర్చుంటాది.

నేను పాత పరీక్షలో ఆఖరు భాగం రాయలేదన్నా. రాసినా, బాగా రాసినా అని మీ అందరికీ సెప్పినది అబద్ధం.

నీకు మొదటి నుంచి సెప్తా, నీకు సగమే తెలుసు. ఈ దేశంలో లైసెన్సు ఉంటేనే ఆర్కిటెక్టు అని సెప్పుకోవాల. లేకుంటే పదేండ్లు గీసినా ఉత్త గీసేటోళ్ళే. గీసేది నేను, కింద సంతకం పెట్టి ముద్ర కొట్టేది మా ఆఫీసు పెద్దాయన. ఆ లైసెన్సు పరీక్షకు ఏడు భాగాలు. ఒక్కొక్కటీ ఎంత అవస్థ పడి రాసినానో, నాలుగు పాసయినా. ఇంతలో వాళ్ళు పరీక్షనే మార్సినారు. ఫోన్లో యాప్‌కు కొత్త వెర్షన్ వచ్చినట్ల పరీక్షకు గూడా కొత్త వెర్షన్. కొత్తదాంట్లో ఆరు భాగాలు. పాతదానికి ఒక ఆఖరు తేదీ పెట్టి, ఆ తర్వాత మూసేస్తామన్నారు. పాతదాంట్లో పాసయినవి కొత్తదాంట్లో లెక్కకు రావాలంటే ఒక మెలిక. కట్టడాల బొమ్మలు గీసే భాగం, గీత పరీక్ష, అది గూడా పాతదాంట్లోనే పాసయి ఉండాల. అది ఉంటే నా నాలుగూ నిలబడతాయి, కొత్తవి రెండు రాస్తే సాలు. అది లేకుంటే నాలుగూ పోతాయి, మొదటి నుంచి ఆరూ రాయాల.

గీత పరీక్షను నేను కావాలనే ఆఖరుకు పెట్టుకున్నా. అది నాకు నిద్రలో లేపి పెట్టినా వస్తాది. నాయిన గళ్ళ కాగితం మీద సీర అంచులు గీస్తాంటే పక్కన కూర్చొని నేర్చుకున్న సెయ్యి ఇది. రానివి ముందు తెముల్చుకుంటే వచ్చేది యప్పుడైనా రాయొచ్చు అనుకున్నా. గోడకు పెద్ద కాగితం అతికించి, ఏ నెలలో ఏ భాగం, ఏది పాతది, ఏది కొత్తది అని రంగులేసి గీసుకున్నా. షబానా దాన్ని సూసి "ఏందే ఇది, పెండ్లి ముహూర్తాల పట్టీనా?" అని యెక్కిరిచ్చేది. ఆఖరు వారంలో ఒక్క సీటు దొరికె. అంతకు ముందువీ, తర్వాతవీ అన్నీ నిండిపోయినాయి.

ఇదంతా నాయినకు ఫోన్లో సెప్తే ఆయప్ప ఒక్క మాటలో తేల్చేసినాడు. "అంటే పాత పడుగు కొసలకు కొత్త పడుగు అతుకుతాండారు, అంతే కదమ్మీ. ఏ పోగూ జారిపోకుండా సూసుకో" అన్నాడు. నేను మూడు నెలలు కిందామీదా పడి అర్థం సేసుకున్నది నాయినకు ఒక్క నిమిషంలో అర్థమాయె. ఇంకొక మాట గూడా అన్నాడన్నా. "మనం నేసిన సీర మీద మన పేరు యాడుంటాది? సొసైటీ ముద్ర పడతాది, అంగడోని పేరు పడతాది. నువ్వు గీసిన దాని మీదన్నా నీ పేరుండాల. అది నాకు సూపియ్యి" అన్నాడు. నాకు కావాల్సిందల్లా అదేన్నా. నా సంతకం ఉండే కాగితం ఒకటి నాయిన సేతిలో పెట్టాల, కండ్లద్దాలు ముక్కు కొసకు జార్చుకోని ఆయప్ప అచ్చరం అచ్చరం కూడబలుక్కోవాల.

ఆయప్ప ఉండలేదు.

ఆ పొద్దు నువ్వు ఆదోని ఆసుపత్రి నుంచి ఫోన్ సేసి ఏం మాట్లాడకుండా ఏడిస్తే నాకు అర్థమాయె. నా వీసా కాగితాలు అప్పుడు కొత్తగా రాసేదానికి ఇచ్చి ఉంటి, అవి వచ్చేంతవరకు దేశం దాటితే మళ్ళా రానీరు. నువ్వే అంటివి, నువ్వు వచ్చేసరికి అంతా అయిపోతాది, ఆడే ఉండమని. నువ్వు ఫోను పట్టుకుంటే ఆ అద్దంలో నాయినను సూసినా. మధ్యలో సిగ్నలు తెగి నాయిన ముఖం గళ్ళు గళ్ళుగా ఆగిపోయె. అట్లే ఆగిన ముఖానికే దండం పెట్టినా.

సేయడానికి నాకేం మిగిల్లేదన్నా. కాళ్ళు మొక్కలేదు, పిడికెడు మట్టి వేయలేదు, అమ్మను పట్టుకోని ఏడవలేదు. ఆడపిల్లను, ఇంకా మీ ఇంటి పేరుతోనే ఉండాను, నాకు మైల ఉంది కదా, అదన్నా సక్కగా పట్టుకుంటా అనుకున్నా. అవ్వ పోయినప్పుడు నాయిన ఏం సేసినాడో నీకు గుర్తుందా? మగ్గంలో అటూ ఇటూ పోగు తిప్పే నాడెను తెల్ల గుడ్డలో సుట్టి దూలానికి కట్టినాడు. పదకొండు దినాలు ఇంట్లో మగ్గం సప్పుడు లేదు. నేను బొమ్మలు గీసుకుందామని పెన్సిలు తీస్తే, "ఆ సేత్తోనే కదమ్మీ అవ్వ నీకు అన్నం పెట్టింది, పని ముట్టకు" అని అది గూడా తీసి నాడెతో పాటు కట్టినాడు. నేను ఈడ అదే సేసినా. పెన్సిళ్ళు, స్కేలు, రబ్బరు, అన్నీ తెల్ల చున్నీలో మూట కట్టి అల్మారా పైన పెట్టినా. ఆఫీసుకు సెలవు పెట్టినా. నేల మీద పండుకున్నా. పరీక్ష తొమ్మిదో దినం వస్తాదని నాకు తెలుసు. అప్పటికింకా రాయకూడదని గట్టిగా అనుకోలేదు. లోపల ఊగుతా ఉంటి.

ఐదో దినం నువ్వు ఫోన్ సేసినావు. హలో అనకముందే నాకు మగ్గం సప్పుడు యినపడె. నువ్వు మగ్గం మీద కూర్చొనే సేసినట్టుండావు.

నీతో ఏమేం అన్నానో నీకు గుర్తుంటాది, నాకు అంతకంటే ఎక్కువ గుర్తుంది. "నాయిన ఆత్మ ఇంకా గడప దాటలేదు, అప్పుడే నాడె పట్టుకున్నావా? సిగ్గులేదా నీకు? ఆయప్ప నీకు పని నేర్పింది ఇందుకేనా?" అన్నా. నువ్వు "పద్మా, ఒక్క మాట యిను, నాయిన నీకు సెప్పమని" అన్నావు. నేను యినలేదు. ఫోన్ పెట్టేసినా. మళ్ళా రాకుండా నీ నంబరు బ్లాకు సేసినా.

ఇంక ఆ కోపం సూడాల. నువ్వు పాటించకుంటే నేనన్నా పాటిస్తా, నాయినకు ఒక్కరన్నా ఉండాల కదా అని మొండికేసుకోని కూర్చున్నా. ఎనిమిదో దినం షబానా నా ముందర కూర్చొని బతిమిలాడె. "పాగల్ పిల్లా, మీ నాయిన ఉన్నింటే నిన్ను సెప్పు తీసుకోని తరిమేవాడు పరీక్షకు. మా అబ్బాజాన్ పోయినప్పుడు నాలుగో దినం నేను డ్యూటీకి పోలేదా? రాసి వచ్చి ఏడువు, నేను గూడా నీతోపాటు ఏడుస్తా" అనింది. "నీకేం తెలుసు మా ఇంటి సంగతి, గమ్మునుండు" అని ఆ పిల్లను గూడా తిట్టినా. పాపం, అయినా తొమ్మిదో దినం పొద్దున్నే లేచి నాకు టీ కాచి, బూట్లు గడప దగ్గర పెట్టి, మూట విప్పి పెన్సిళ్ళు సంచిలో సర్ది పెట్టింది. ఆ పరీక్ష కంప్యూటర్లో గీసేదన్నా, పెన్సిలుతో పనే లేదు. అది గూడా తెలీదు ఆ పిల్లకు. నేను ఆ పెన్సిళ్ళను మళ్ళా మూట కట్టినా. తొమ్మిది గంటలాయె, పది ఆయె. పన్నెండుకు పరీక్ష అయిపోయె. నాకు ఆ పొద్దు ఏడుపు గూడా రాలేదు. శానా మంచి పని సేసినట్ల నేల మీద కూర్చోని గోడ మీద రంగుల కాగితం సూస్తా ఉండిపోయినా.

పన్నెండో దినం నీ నంబరుకు బ్లాకు తీసేసి, అమ్మకు ఫోన్ సేసినా. అమ్మ మొదటి మాటే "పరీక్ష రాసినావామ్మా?" అనింది. రాసినా అన్నా. యందుకన్నానో నాకే తెలీదు. ఆ ఇంట్లో ఒక ఏడుపు సాలు, ఇంకొకటి యందుకులే అనుకున్నానేమో.

పోయిన నెల మాసికం దినం అమ్మ ఫోన్లో నవ్వుతా ఏడుస్తా ఒక మాట అనింది. "మీ నాయిన మాట నిలబెట్టినావు పద్మా" అనింది. ఏం మాటమ్మా అంటే, "అదేనే, మీ అన్న నీకు సెప్పినాడు కదా" అని మొత్తం సెప్పుకుంటా వచ్చె. నాయిన ఆఖరు దినం నిన్ను దగ్గరికి పిలిచి, "మగ్గం మీద పడుగు ఉంది, ఆపితే ఎండి పోగులు తెగుతాయి. మా అమ్మకు నేను పదకొండు దినాలు ఆపినా, లేచి వచ్చినాదా? నువ్వు ఆపొద్దు. సిన్నదానికి గూడా సెప్పు, పరీక్ష మానొద్దని. అది నా మాదిరే మొండిది. పెన్సిలు గుడ్డలో కట్టి పెడతాది, సూస్తా ఉండు. ముందే సెప్పు" అన్నాడంట.

పెన్సిలు కట్టి పెడతాదని గూడా తెలుసన్నా ఆయప్పకు.

అమ్మ ఆ మాట సెప్తాంటే నేను వంటింట్లో నిలబడి ఉంటి. పాలు పొంగి పొయ్యి ఆరిపోతే షబానా వచ్చి తీసింది. నువ్వు ఐదో దినం ఫోన్ సేసింది నాకు ఇది సెప్పేదానికి. నేను నిన్ను సిగ్గులేదా అన్నా. నువ్వేమో అమ్మతో "సెప్పినానమ్మా, సరే అనింది" అని నా తప్పు కప్పి పెట్టి, ఈ ఐదు నెలల్లో ఒక్కసారి గూడా నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టింటే బాగుండునన్నా. నువ్వు నన్ను నాలుగు తిట్లు తిట్టింటే నాకు ఇంత భారం ఉండేది కాదు.

లైసెన్సు పోయినందుకు గూడా నాకు ఇంత ఏడుపు లేదు. అది ఆలస్యమైతాది, అంతే. నాయినకు మర్యాద సేస్తాండా అనుకోని నాయిన అడిగిన ఒక్క పనీ మానేసినా. అది యట్ల మరిచిపోవాలో నాకు తెలీడం లేదు. దినామూ అదే. బస్సులో కూర్చుంటే అదే, మెట్లు గీస్తాంటే అదే.

కొత్త వెర్షన్‌కు మొదటి నుంచి పేరు రాయించుకున్నా. ఆరు భాగాలు. పాత కాగితం గోడ మీంచి సింపేసి కొత్తది అతికించినా, ఈసారి రంగులు వేయలేదు. దీంట్లో గీత పరీక్షే లేదన్నా, తీసేసినారు. అన్నీ ప్రశ్నలే. నాయిన నేర్పిన సేతికి దీంట్లో పనే లేదు. మొదటి భాగం శివరాత్రి అయినాక. అమ్మకు ఇప్పుడే సెప్పొద్దు, మొదటి భాగం రాసిన దినం నేనే సెప్పి తిట్టించుకుంటా.

నువ్వు నన్ను క్షమించాల. నువ్వు నా అన్నవి, నా సేతులు నీ దాకా అందవు, అందుకే ఈ కాగితం మీదే నీ కాళ్ళు పట్టుకుంటాండా. నాయిన పడుగు అయిపోయింటాది ఈపాటికి. కొత్త పడుగు అతికేటప్పుడు నీ పక్కన ఎవరు కూర్చున్నారన్నా? అది నా సోటు. నాయిన గళ్ళ కాగితాల పుస్తకంలోంచి హంసల అంచు ఉండే కాగితం ఒకటి షబానాతో పంపిచ్చు. మడత పెట్టొద్దు, సుట్టి ఇయ్యి.

పక్కింటి పెద్దప్పకు, పెద్దమ్మకు నా దండాలు సెప్పు. పాపకు ముద్దులు. అమ్మను ఒకసారి నా తల మీద సేయి పెట్టినట్ల అనుకోమను. నువ్వు గూడా బాగా రాయమని ఒక్క మాట అను, నాకు అదే దీవెన.

ఇంకొకటన్నా. ఆ ఐదో దినం నుంచి నువ్వు యప్పుడు ఫోన్ సేసినా ఇంట్లో సప్పుడే ఉండదు. నేను గమనిస్తానే ఉండా. మొన్న వదిన నోరు జారె. నాకు ఫోన్ సేసే ముందర నువ్వు మగ్గం దిగి, పక్కింటికి పోయి వాళ్ళ మగ్గం గూడా కాసేపు ఆపమని సెప్పి వస్తావంట కదా. ఇంక అట్ల పోవద్దన్నా. ఈసారి ఫోన్ సేసి మగ్గం పక్కన పెట్టేయి. ఏం మాట్లాడొద్దు, నేస్తా ఉండు. నేను యినుకుంటా ఉంటా.

నీ మొండి చెల్లెలు,
పద్మ